ఇంట్లో వదిలేసి రావలసిన భాగం

ఆ మండలంలో ఆడవాళ్ళు ఆసుపత్రికి వచ్చేటప్పుడు నడుము నుంచి మోకాళ్ళ దాకా ఉన్న శరీరాన్ని ఇంట్లో వదిలేసి వస్తారు. దాన్ని దండెం మీద పాత చీర చాటున వేసి, గడియ పెట్టి, మిగతా శరీరంతో బస్సెక్కుతారు. కండక్టరు మాత్రం ఫుల్ టికెట్టే కొడతాడు.

అందుకే ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవి వల్ల ఆడవాళ్ళకు వచ్చే, కాన్పును నెలలు నిండకుండానే తేగల యోని వ్యాధి మీద ఏటా జరిగే సర్వేలో ఆ మండలానికి సున్నా శాతం వస్తుంది. వైద్యాధికారికి శాలువా కప్పుతారు.

జీడిపిక్కలు కొట్టే దాలమ్మకు నెలలు నిండకుండా రెండు కాన్పులు పోయాయి. ఇప్పుడు ఐదో నెల. మంట, దురద, పచ్చటి నురగ. "ఆడపుటక పుట్టినాక ఓర్సుకోవాల" అంది అత్త. దాలమ్మకు ఈ బిడ్డయినా బతకాలని ఉంది. సోమవారం మొత్తం శరీరంతో ఆసుపత్రికి వచ్చేసింది.

"ఇదేటమ్మా, ఇలగొచ్చేసినావు?" అంది నర్సు సన్యాసమ్మ.

"బాధ అక్కడే ఉన్నాది అక్కా. మరెక్కడ సూపించను?"

సన్యాసమ్మా తనది ఇంట్లో పెట్టే డ్యూటీకి వస్తుంది. జాలిపడి నమూనా తీసి గాజుపలక మీద పెట్టింది.

ఆ జీవి కదులుతుంటేనే గుర్తుపట్టగలరు. ఆలస్యమైతే కదలడం మానేస్తుంది. అయితే ఇంట్లో ఉండవలసిన భాగాన్ని బయటికి తెచ్చినందుకు ఇంటి యజమాని సంతకం కావాలి. ఆమె భర్తయిన గురువులు క్వారీ నుంచి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. అతను పూర్తి శరీరంతో వచ్చాడు. మగవాళ్ళను ఎవరూ ఏమీ అడగరు.

సంతకమయ్యాక ల్యాబ్ టెక్నీషియన్ భానోజీరావు మైక్రోస్కోపులో చూశాడు. ఏదీ కదల్లేదు. 'లేదు' అని రాశాడు.

"పొద్దున్నే సూసుంటే కనబడునేమో, బాబూ?" అంది దాలమ్మ.

"పొద్దున్న సంతకం నేదు కదమ్మా."

రోగం లేదు కనుక మందూ ఇవ్వలేదు.

ఏడో నెలలో నొప్పులొచ్చాయి. కాన్పుకైతే ఆ భాగాన్ని ఏ సంతకమూ లేకుండా లోపలికి రానిస్తారు. ఆడపిల్ల. గంటసేపు ఊపిరి తీసుకుంది. చావుకు కారణం అన్నచోట 'తల్లి నీరసం' అని రాశారు. దాలమ్మ రెండు రోజులు ఏడ్చింది. కాన్పుల వార్డులో ఏడుపు మామూలే.

ఇంటికి పంపేటప్పుడు సన్యాసమ్మ అడిగింది. "మళ్ళీ కడుపొస్తే ముందుగా వస్తావా?"

"నాను రాను అక్కా. దాన్నే పంపిస్తాను."

సన్యాసమ్మ ఆశ్చర్యపోలేదు. కాన్పుల వార్డుకు ఇప్పటికే చాలామంది ఆ భాగాన్నొక్కదాన్నే పంపిస్తున్నారు.