ఆంజనేయులు పౌరోహిత్యం

ఒక్క రోజులో భార్యకి డర్బన్ నగరమంతా చూపించి, సాయంత్రానికల్లా ఆ ఊరంటే ఆవిడకి ఇష్టం పుట్టించాలని ఆ శనివారం ఉదయం ఆంజనేయులు నిశ్చయించుకున్నాడు. ఆయన ఓడరేవులో క్రేన్లు బాగుచేసే ఇంజనీరు. ఎక్కడ బిగుసుకుపోయిందో చూసి కాస్త నూనె వేస్తే ఏదైనా కదులుతుందని ఆయన నమ్మకం. పెళ్ళయి ఇరవయ్యేళ్ళయినా ఆ నమ్మకం చెక్కుచెదరలేదంటే ఆయన ఎంత ఆశావాదో అర్థం చేసుకోవచ్చు.

దక్షిణాఫ్రికాలో కొత్త ప్రభుత్వం వచ్చిన మూడో ఏడు అది. కాకినాడ నుంచి తెచ్చుకున్న కంపెనీవాళ్ళు ఇంకో మూడేళ్ళు ఉండమంటున్నారు. సోమవారం సంతకం పెట్టాలి. ఇందిరాదేవి మాత్రం పెట్టెలు దింపి దుమ్ము దులుపుతోంది. కాకినాడలో ఆవిడ బడిపిల్లలకి తెలుగు చెప్పేది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా గొంతెత్తి మాట్లాడిన మనిషికి ఇక్కడ వినేవాడు మొగుడొక్కడే. ఆ మొగుడు కూడా పేపరు చాటు నుంచి వినేవాడు.

"ఎవరితో మాట్లాడమంటారండీ?" అంది ఇందిరాదేవి. "ఎదురింటావిడతో రోజూ గుడ్ మార్నింగు. అదయ్యాక ఇద్దరం తలుపులేసుకుంటాం. ఇలాగే ఉంటే నేను మాటలే మర్చిపోతాను."

"ఇవాళ ఒక్కరోజు నాకియ్యి. ఓడరేవులో పడవెక్కుదాం. పంచదార గోదాములు చూద్దాం. పాత రైలు షెడ్డులో కొత్తగా బజారు కట్టారు, అదీ చూద్దాం. అప్పటికీ నువ్వు వెళ్ళిపోదామంటే సంతకం పెట్టను. ఒట్టు."

"ఆ మాట మీదుండండి," అని ఆవిడ చీర మార్చుకోవడానికి లేచింది.

కారు తెస్తానన్నవాడు సూబయ్య. కంపెనీలో స్టోర్సు చూస్తాడు. వాళ్ళ ముత్తాత విశాఖపట్నం వైపు నుంచి చెరకు తోటల్లో పనికి వచ్చాడు. ఇంగ్లీషులో బతికే ఆ కుటుంబంలో తెలుగు అడుగున మిగిలిన పులుసంత ఉంది. ఆంజనేయులు ఫోనులో తెలుగు మాట్లాడుతుంటే సూబయ్య పని ఆపి, నోరు తెరిచి వినేవాడు.

ఎనిమిదింటికి సూబయ్య వచ్చాడు. సూటూ బూటూ వేసుకున్నాడు. ముందు సీట్లో ఒక ముసలావిడ పట్టుచీరలో కూర్చుని ఉంది. ఆవిడ ఒళ్ళో ఇత్తడి పళ్ళెం, అందులో కొబ్బరికాయ, కర్పూరం, పసుపు.

"మా అమ్మ సారు, ఐరిస్," అన్నాడు సూబయ్య. "ముందు మా పేట చాట్స్‌వర్త్ పోదాం. మా తమ్ముడు బేసిల్ కొత్త కోంబీ వ్యాను కొన్నాడు, టాక్సీ నడపడానికి. మీరు పూజ చేసెయ్యండి. అయిదు నిమిషాలు. తర్వాత సిటీ అంతా చూపిస్తా."

"నేను పూజ చెయ్యడమేమిటయ్యా?"

"మీరు అయ్యగారు కదా!"

ఇక్కడ పొరపాటు ఎక్కడుందో చెప్పాలి. వాళ్ళ పేటలో తడుముకోకుండా తెలుగు మాట్లాడిన ఆఖరి మనిషి గుడి అయ్యగారు. ఆయన పోయి పదేళ్ళయింది. కాబట్టి గడగడా తెలుగు మాట్లాడేవాడు అయ్యగారు కాక మరేమవుతాడు? పైగా పేరు ఆంజనేయులు, నుదుటి మీద శనివారం బొట్టు.

"నేను ఇంజనీర్ని. నీకు తెలుసు కదా!" అన్నాడు ఆంజనేయులు.

"తెల్సు సారు. మా పాత అయ్యగారు కూడా వారమంతా పంచదార మిల్లులో బాయిలరు చూసేవాడు. శనాదివారాలే పూజలు."

ఆంజనేయులు ఇందిరాదేవి వైపు చూశాడు. ఆవిడ చాలా రోజుల తర్వాత నవ్వాపుకుంటోంది. అది చూసి ఆయనకి కాస్త ధైర్యం వచ్చింది, అదే కొంప ముంచింది.

చాట్స్‌వర్త్‌లో బేసిల్ ఇంటి ముందు వీధంతా చేరింది. తెల్లగా మెరుస్తున్న కోంబీకి బంతిపూల దండ వేశారు. కాకినాడలో లారీ డ్రైవర్లు చేసే పని ఆంజనేయులు చూశాడు. కాయని మూడుసార్లు తిప్పి నేలకేసి కొట్టడమే కదా అనుకున్నాడు. తిప్పాడు, ఇంజనీరు కాబట్టి బలం లెక్కచూసుకుని కొట్టాడు. కాయ పగల్లేదు. తారురోడ్డు మీద బంతిలా లేచి, నేరుగా వెళ్ళి కోంబీ ఎడమ హెడ్‌లైటుకి తగిలింది. లైటు మాత్రం శుభ్రంగా పగిలింది.

బేసిల్ తల పట్టుకున్నాడు. ఆంజనేయులు వంగి గాజు ముక్కలు ఏరబోయాడు.

"దిష్టి పోయింది!" అంది ఇందిరాదేవి, బడిలో వెనక బెంచీకి వినపడే గొంతుతో. "చూశారా, బండికి రావలసిన గండం లైటుతో పోయింది!"

సూబయ్య దాన్ని ఇంగ్లీషులో చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. ఇంత పవరున్న అయ్యగారిని ఎన్నడూ చూడలేదన్నారు. పక్కింటివాడు తన పాత కారు తెచ్చి వరసలో పెట్టాడు. వాడి వెనక ఇంకొకడు పెట్టాడు. ఆంజనేయులు గుండె చిక్కబట్టుకుని ప్రతి కాయనీ గుమ్మం రాతి మీదే కొట్టాడు. పూజలయ్యేసరికి పదకొండు దాటింది, పడవ ఎప్పుడో వెళ్ళిపోయింది.

"ఇప్పుడు సిటీకే పోతున్నాం సారు," అన్నాడు సూబయ్య. "నా మేనల్లుడు ధీరెన్ రేవు దగ్గర పాత గోదాములో కుట్టు షాపు తెరుస్తున్నాడు. మా అమ్మ ఫోన్ చేసేసింది, అయ్యగారు వస్తున్నారని."

"ఐకోనా అనకు!" అని ఐరిస్ వేలు చూపించింది. ఇక్కడ వద్దనడానికి జూలూలూ ఇండియన్లూ అందరూ వాడే మాట అది. ఆంజనేయులు ఐకోనా అనలేకపోయాడు.

ఒంటికన్ను కోంబీ ముందు, దాని వెనక అరడజను కార్లు. ఆ ఊరేగింపులోనే ఆంజనేయులు భార్యకి నగరం చూపించాడు. "అదిగో ఓడరేవు," అనేలోపు ఓడరేవు వెళ్ళిపోయింది. "అవి పంచదార గోదాములు," అంటే లారీ అడ్డొచ్చింది. సముద్రపు ఒడ్డు దగ్గర మాత్రం సూబయ్య తనే కారు నెమ్మది చేశాడు.

"అక్కడ తెల్లవాళ్ళు మమ్మల్ని కూచోనిచ్చేవాళ్ళు కాదు సారు. ఇప్పుడు ఆదివారం ఆదివారం బిరియానీ గిన్నెతో పోయి నడిమధ్యన కూచుంటాం. ఇసుక బాగుండదు. అయినా పోతాం."

ఇందిరాదేవి కిటికీలోంచి చూడనేలేదు. ఇప్పుడు వెనక సీట్లోకి మారిన ఐరిస్ పక్కన కూర్చుని మాట్లాడుతోంది. కాకినాడ కాజాల దగ్గర మొదలుపెట్టి, ఆడపడుచు పెళ్ళి మీదుగా వంకాయ పులుసుకి వచ్చింది. ముసలావిడ సగం అర్థమయినట్టూ సగం కానట్టూ తల ఊపుతూ, మధ్యలో "పులుసు... పులుసు," అని మెల్లగా అనుకుంటోంది. ఊరు చూడమంటే ఈ కబుర్లేమిటని ఆంజనేయులు నీరుకారిపోయాడు. సోమవారం సంతకం ఇక కలలోని మాటే అనిపించింది.

గోదాము గోడలకి కొత్త సున్నం వేశారు. ఎత్తయిన కప్పులోంచి ఎండ లోపలికి పడుతోంది. ధీరెన్ చొక్కాల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా చేసేవాడు. ఫ్యాక్టరీ మూతపడితే, అక్కడ కుట్టే ఆడవాళ్ళనే కూడగట్టుకుని సొంతంగా మొదలుపెడుతున్నాడు. కుట్టుమిషన్లన్నీ వరసగా పెట్టి ఉన్నాయి. అతని నుదుటి మీద చెమట ఆగడం లేదు.

"అయ్యగారూ, మంచిగా చదవండి," అని ఇంగ్లీషులో బతిమాలాడు. "ఇది పోతే మాకు ఇంకోటి లేదు."

చేతికి మైకిచ్చాడు. ఎదురుగా రెండొందలమంది చేతులు జోడించి నిలబడ్డారు. ఆంజనేయులు వినాయక శ్లోకం మొదలుపెట్టాడు. మొదటి పాదం బాగానే వచ్చింది. రెండో పాదం దగ్గర బండి ఆగిపోయింది. మళ్ళీ మొదటి పాదం చదివాడు. మూడోసారి కూడా అదే చదివేసరికి వెనక ఎవరో దగ్గారు.

అప్పుడు ఇందిరాదేవి ముందుకొచ్చి మైకు అందుకుంది. బడిలో ప్రార్థన చెప్పించినట్టు ఒక్కో పాదమూ విడగొట్టి చెప్పి, అలవాటు చొప్పున, "అందరూ అనండి!" అంది. రెండొందలమందీ అన్నారు. కొందరు నోరు మెదిపి ఊరుకున్నారు.

"నోరు తెరువు, ఎద్దు మొకమా! అన్నం తినడానికేనా నోరు?" అని ఐరిస్ ముందు వరసలో ఉన్న బేసిల్ నెత్తి మీద ఒకటిచ్చింది.

గోదాము గొల్లుమంది. ఇందిరాదేవి పాదం మధ్యలో ఆగిపోయింది. ఎనిమిది నెలలుగా అచ్చ తెలుగులో ఒక్క తిట్టు ఆవిడ చెవినపడలేదు. నవ్వబోతే కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. కొంగుతో తుడుచుకుని, మిగతా శ్లోకం ఇంకాస్త గట్టిగా చెప్పించింది.

తర్వాత మిషన్లకి బొట్లు పెట్టసాగింది. మ్యాగీ అనే జూలూ ఆవిడ తన మిషను తనే ముందుకు జరుపుకుంది. దానికి పెట్టాక తన నుదురు కూడా చూపించింది. ఇందిరాదేవి ఆవిడకీ పెట్టి, ఏదో అడిగింది. ఇద్దరూ చేతులు తిప్పుకుంటూ చాలాసేపు మాట్లాడుకున్నారు. ఏ భాషలో మాట్లాడుకున్నారో ఆ దేవుడికే తెలియాలి.

ఆంజనేయులుకి మాత్రం లోపల తొలుస్తోంది. అంతమంది దండాలు ఊరికే తీసుకోవడం ఆయన వల్ల కాలేదు. మైకు తీసుకుని, "క్షమించండి. నేను అయ్యగారిని కాదు. క్రేన్లు బాగుచేస్తాను," అని తెలుగులో ఒకసారీ ఇంగ్లీషులో ఒకసారీ చెప్పేశాడు.

ఎవరూ ఉలిక్కిపడలేదు.

"మాకు తెల్దా ఏటి?" అంది ఐరిస్. "కాయ కొట్టినప్పుడే తెల్సింది. అయ్యగారు కొడితే కాయ పగుల్తది. నువ్వు కొడితే లైటు పగిలింది."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు అవ్వా?"

"చెప్తే మీరు పడవ చూడ్డానికి పోతారు." ముసలావిడ ఇందిరాదేవి చెయ్యి పట్టుకుంది. "ఈ బిడ్డ మాటాడుతుంది. మా అవ్వ ఇట్టాగే మాటాడేది, ఆపకండా. అవ్వ పోయినాక ఎవరూ నేదు. ఇంకొంచం వినాలనుకున్నా."

సూబయ్య అటు తిరిగి టై సర్దుకున్నాడు. ధీరెన్ అందరికీ లడ్డూలు పంచమని కేకేశాడు. సాయంత్రం మూసే లోపు స్కూలు యూనిఫాముల ఆర్డరొకటి వచ్చింది.

ఇంటికి చేరాక ఆంజనేయులు బూట్లు విప్పుతూ, "ఊరు చూపించలేకపోయాను ఇందిరా. మాటంటే మాటే. సంతకం పెట్టను," అన్నాడు.

"పెట్టకపోవడమేమిటి? రేపట్నుంచి చాట్స్‌వర్త్ గుడి హాల్లో నేను తెలుగు క్లాసు చెప్తున్నాను. అవ్వ మనవలంతా వస్తున్నారు, మ్యాగీ కూడా వస్తానంది. మీకంతగా వెళ్ళాలనుంటే మీరెళ్ళిరండి."

సోమవారం ఆయన ఆఫీసు తెరవకముందే వెళ్ళి సంతకం పెట్టేశాడు.

నెల తిరిగేసరికి ఆదివారాలు ఆ హాల్లో చోటు చాలడం లేదు. కుర్చీలు సర్దుతున్న ఆంజనేయులుని చూసి, కొత్తగా చేరిన పెద్దమనిషి ఒకాయన ఐరిస్‌ని అడిగాడు, ఈయనెవరని.

"టీచరమ్మ మొగుడు," అంది ఐరిస్. "రేవులో ఏదో పని చేస్తాడంట, పాపం."