తలకిందుల నెమలి కట్టిన బీద తల్లి

బీదరికమంత సుఖం ఇంకోటి లేదు! నమ్మరా? అయితే మధ్యాహ్నం రెండింటికి గద్వాల నేతగాళ్ల వీధికొచ్చి ఏదో ఒక టీవీ ముందు కూర్చోండి.

అప్పుడొచ్చే సీరియల్‌లోని బీద తల్లికి మొగుడు లేడు, కొలువు లేదు, పిల్లకు పాలు లేవు. ఉన్నదల్లా పూటకో పట్టంచు చీర! నాలుగు వందల ఎపిసోడ్ల నుంచి పస్తులుంటున్నా బుగ్గ తగ్గలేదు, బొట్టు చెదరలేదు. ఇంత ఆరోగ్యమైన ఆకలి ఏ దవాఖానలో దొరుకుతుంది చెప్పండి?

ఈ వైభోగం కళ్లారా చూసే భాగ్యం ఆ వీధిలోనే ఉండే చిన్నమ్మకూ దక్కింది. ఆమెకూ మొగుడు లేడు, ఓ కూతురుంది. నిరుడు దాకా శంకరయ్య మగ్గం మీద కూలికి చీరలు నేసేది. కూతురికి జ్వరమొచ్చిన రోజు ధ్యాస తప్పి, మగ్గం పైన బొమ్మలు దింపే డిజైన్ అట్టల వరుస తిరగేసింది. కొంగులో ఒక నెమలి తలకిందులైంది.

"గిది ఎవలు కడుతరు? పుక్కట్ల ఇచ్చినా తీస్కోరు" అని శంకరయ్య ఆమెను మగ్గం నుంచి దింపేశాడు. చీరను మాత్రం హైదరాబాద్ బేరగాడికి అంటగట్టి మరిచిపోయాడు. అప్పటి నుంచి చిన్నమ్మ ఇంటింటికీ తిరిగి కూలికి నూలు కండెలు చుడుతోంది. మళ్లీ మగ్గమెక్కనిస్తాడేమోనన్న ఆశతో రోజూ ఆయనింటికే పోయి, ఆయన భార్య లింగమ్మ పక్కన కూర్చుని సీరియల్ చూస్తోంది.

ఒక రోజు సీరియల్‌లో బీద తల్లి ఆకలికి తాళలేక కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. లింగమ్మా ఏడ్చింది. వీధి వీధంతా ముక్కు చీదింది! కెమెరా కొంగు దగ్గరికి పోయింది. అక్కడ నెమలి! తల కిందికి, కాళ్లు పైకి!

ఆ చీర తాను నేసిందేనని చిన్నమ్మ చెప్పబోతే, జర ఆగు, ఆమె కష్టం చూడనియ్యి అని లింగమ్మ కసిరింది. పక్కనే భోంచేస్తున్న శంకరయ్య కూడా ఆ నెమలిని గుర్తుపట్టాడు.

అడ్వర్టైజ్‌మెంట్లు రాగానే లింగమ్మ కళ్లు తుడుచుకుని మొగుడి వైపు తిరిగింది. ఎవరూ కట్టరన్నావు కదా, మరి ఇదేంటని నిలదీసింది. శంకరయ్య తక్కువవాడా? కలిగినోళ్లు ఎవరూ కట్టలేదు కదా, బీదామెనే కట్టిందన్నాడు! ఆ తెలివికి లింగమ్మ కళ్లెర్రజేసేసరికి గొంతు తగ్గించి చిన్నమ్మ వైపు తిరిగాడు.

"రేపు పొద్దుగాల వచ్చి మగ్గమెక్కు."

చిన్నమ్మ మొహం వెలిగిపోయింది. చూపు మాత్రం టీవీ మీదే ఉంది.

"ఎక్కుత, అన్నా. ఇన్నేండ్లు నేసిన గాని ఒక్క గద్వాల చీర కట్టలె. గామెంత బీదతనం నాకెప్పుడొస్తదో!"