మందు కొట్టని ఇల్లు

"పాత కుర్చీని కాపాడినవాడు అడవిని కాపాడినట్టే. ఇవాళ్టి నుంచి ఈ ఇంట్లో ఒక్క చుక్క రసాయనం పడడానికి వీల్లేదు," అని మా తోడల్లుడుగారు హాలు మధ్య నిలబడి ప్రకటించారు. వినడానికి ఆయన భార్య, అంటే మా వదిన, మా అత్తగారు, నేను ఉన్నాం. అడవి రాలేదు.

ఆయన పెద్ద ఉద్యోగం చేసి దిగిపోయిన మనిషి. సంతకానికి కాగితాలు రావడం మానేశాక చెయ్యి ఊరుకోక పాత సామాను కొనడం మొదలుపెట్టారు. హాలు నిండా నల్లబడ్డ టేకు బల్లలు, సింహం కాళ్ల సోఫా, తలుపు తీస్తే మూలిగే బీరువా. వాటిని తేనెమైనంతోనూ అవిసె నూనెతోనూ తప్ప తాకకూడదన్నది ఆయన సిద్ధాంతం. సిద్ధాంతం ఆయనది, తుడుపు మా వదినది.

ఊళ్లో పాత సామాను పరిరక్షణ సంఘం ఒకటుంది. ఏడాదికో ఇంటికి 'హరిత గృహం' అని ఇత్తడి పలక ఇస్తుంది. తోడల్లుడుగారి కన్ను ఆ పలక మీద పడింది. నేను ఆఫీసులో గుమాస్తాను గనక దరఖాస్తు రాసే భాగ్యం నాకు దక్కింది. "సదరు గృహమందు గల దారు సామగ్రి యావత్తూ విషపదార్థముల స్పర్శ ఎరుగదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది" అని రాశాను. ఆ వాక్యాన్ని ఆయన నాలుగుసార్లు పైకి చదివించుకున్నారు.

తనిఖీ బుధవారం. సోమవారం పొద్దున వదిన సోఫా కింద ఊడుస్తుంటే సన్నటి మట్టి గీత కనబడింది. చెదలు. సింహానికి రెండు కాళ్లు అప్పటికే డొల్ల.

వడ్రంగిని పిలిపించారు. అతను వేలితో తట్టి చూసి, పుచ్చిన కాళ్లు మార్చాలని, సామాను వారం పాటు ఎండలో పెట్టాలని, గోడలోకి చెమ్మ ఎక్కణ్నుంచి వస్తోందో చూసి ముందది ఆపాలని చెప్పాడు. మందు అక్కర్లేదన్నాడు. ఇన్నాళ్లూ తాను నలుగురికీ చెప్పిన పాఠాన్నే అతను తిరిగి అప్పజెబుతున్నాడని తోడల్లుడుగారు గుర్తుపట్టలేదు. వారం అన్న మాట వినగానే అతన్ని పంపేశారు.

మధ్యాహ్నానికి మందు కొట్టే మనిషి వచ్చాడు. ముక్కుకు గుడ్డ, వీపున డబ్బా. ఇది మందు కాదనీ చికిత్స అనీ తోడల్లుడుగారు నాకు రహస్యంగా వివరించారు.

మా అత్తగారికి ఆయాసం. ఆమెకో పేము కుర్చీ ఉంది, పెళ్లినాటిది. రోజూ కూర్చునేది కాబట్టి దాన్ని ఎవరూ పాత సామాను కింద జమ కట్టలేదు. తనిఖీ నాడు వెనక గదిలో దాచేయాలని కూడా నిర్ణయమైంది. అత్తగారే దాన్ని నెలకోసారి ఎండలో పెట్టి, నూనె గుడ్డతో తుడుచుకుంటుంది. దానికి చెద పట్టలేదు. మిగతా సామానంతా తడిపి డబ్బా మనిషి అటు తిరగగానే ఆమె లేచి అడ్డం నిలబడింది.

"దీని మీద కొట్టకు నాయనా. నేను ఇందులోనే కునుకు తీస్తాను."

"అన్నిటికీ కొడితేనే ఫలితం అత్తయ్యగారూ. ఏది మీదో ఏది నాదో చెదలకి తెలీదు కదా," అన్నారు తోడల్లుడుగారు.

"చెదలకి తెలీదు బాబూ. ఆ డబ్బాలో ఏముందో మీకు తెలుసుగా," అంది ఆమె దగ్గుతూనే.

ఆమెకు దగ్గు ఆగలేదు. పెదాలు నల్లబడుతుంటే నాకు భయం వేసి, ఆమెనూ కుర్చీనీ టాక్సీ ఎక్కించి దారిలో డాక్టరుకు చూపించి మా ఇంటికి తీసుకుపోయాను. పీల్చిన మందు పేరేమిటో కనుక్కురమ్మన్నాడు డాక్టరు. తోడల్లుడుగారిని అడిగితే, మందే కొట్టించనప్పుడు పేరెక్కడిదన్నారు. ఆ ధ్రువీకరణ రాసిన చెయ్యి నాది. అత్తగారికి అదే చేత్తో మాత్ర అందించాల్సి వచ్చినప్పుడు సిగ్గేసింది. ఆమె మాత్రం నన్ను ఒక్క మాట అనలేదు.

బుధవారం సంఘం వచ్చింది. అధ్యక్షుడు, కార్యదర్శి, ముగ్గురు సభ్యులు. కిటికీలన్నీ బార్లా తెరిచినా హాల్లో కళ్లు మండుతున్నాయి. అధ్యక్షులవారు గుమ్మంలోనే ఆగి, ఏమిటీ పరిమళం అని అడిగారు.

"పాత టేకండీ. మైనం పడితే ప్రాణం లేచొస్తుంది దానికి," అన్నారు తోడల్లుడుగారు. "మా ఇంట్లో మందు కొట్టే అలవాటు లేదు. ఏ రకమైనదీ."

అధ్యక్షులవారు ముచ్చటపడి సోఫాను, బల్లను, బీరువాను ఆప్యాయంగా నిమిరారు. ఆయన నిమిరారు గనక సభ్యులూ నిమిరారు. అందరూ కూర్చోగానే వదిన బిస్కెట్లు తెచ్చింది. అధ్యక్షులవారి చెయ్యి పళ్లెం దాకా వచ్చేసరికి వదిన చటుక్కున పళ్లెం వెనక్కి లాగేసింది.

"చేతులు కడుక్కుని తినండి," అంది. 

తోడల్లుడుగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. పలక గోవిందా అనుకున్నాను. ఎందుకని ఎవరో ఒకరు అడుగుతారని చూశాను. ఎవరూ అడగలేదు. అధ్యక్షులవారు నెమ్మదిగా లేచి, కుళాయి దగ్గరికి వెళ్లి, మోచేతుల దాకా సబ్బు రాసి రెండుసార్లు కడుక్కున్నారు. ఆయన వెనక సంఘం యావత్తూ వరస కట్టింది. ఒక సభ్యుడు గోళ్ల సందులు కూడా తోముకున్నాడు. తర్వాత అందరూ వచ్చి కూర్చుని, బిస్కెట్లు తిని, ఇది విషం సోకని ఇల్లని ఏకగ్రీవంగా తీర్మానించి పలక ఇచ్చి వెళ్లారు.

గేటు దగ్గర కార్యదర్శి నన్ను పక్కకు పిలిచి, కొట్టిన మనిషి ఫోన్ నంబరు అడిగాడు. వాళ్లింట్లో పందిరిమంచానికి చెద పట్టిందట. ఇక్కడ ఎవరూ ఏమీ కొట్టలేదని మొదలుపెట్టబోయాను. ఆయన నావైపు జాలిగా చూశాడు. లోపలికెళ్లి వదిన దగ్గర నంబరు రాయించుకొచ్చి ఇచ్చేశాను.

సాయంత్రం మందు పేరు కోసం నేనే ఆ మనిషికి ఫోన్ చేశాను. పేరు చెప్పాడు. డాక్టరు కోసం రాసుకున్నాను. కార్యదర్శిగారు ఫోన్ చేశారా అని మాటవరసకి అడిగాను.

"చేశారండీ, రేపు రమ్మన్నారు," అన్నాడతను. "ఆ సంఘంలో నేను మందు కొట్టని ఇల్లు ఆయనదొక్కటే మిగిలింది."