కంప్యూటరును ఖాళీ చేయించిన ఫైర్ ఆఫీసరు

ఫైర్ ఆఫీసరు ఆ ఉదయం మంచం దిగేసరికే కోపంగా ఉన్నాడు. అందులో వింతేమీ లేదు. ఆయనకి కోపమెప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. ఆ ముక్కు పొగ వాసనను వీధి మొదట్లోనే పసిగడుతుంది గనుక, దాని మీద ఇంకేం కూర్చుందన్నది పై అధికారులు ఇన్నాళ్ళూ పట్టించుకోలేదు. అయితే ఆ రోజు కోపానికి మాత్రం గట్టి కారణమే ఉంది.

ఆయన ఒక పుస్తకం రాశాడు. పేరు ‘గృహములందు అగ్ని భద్రత’. చిన్న పుస్తకమే గానీ రాయడానికి ఏళ్ళు పట్టింది. తమ శాఖ తరఫునే అచ్చు వేస్తామన్నారు. తీరా ఫైలు పంపాక, ప్రచురణలు చూసే సంపాదకురాలు ముందు రోజు సాయంత్రం ఫోన్ చేసి, తమ దగ్గర తెరిస్తే అక్షరాలన్నీ గళ్ళు గళ్ళుగా కనిపిస్తున్నాయని చెప్పింది. ఆయన కంప్యూటరులో ఉన్న సిస్టమ్ బాగా పాతబడిపోయిందట. కొత్తది వేయించుకుని, ఫైలును అందులో మళ్ళీ సేవ్ చేసి, ఈ రోజు ఆఫీసు మూసేలోపు పంపాలట. కుదరకపోతే వచ్చే ఏడాది చూద్దామంది.

వచ్చే ఏడాది అనే మాట దగ్గరే ఆయనకి ఒళ్ళు మండిపోయింది. ఈ నెలాఖరుకి ఆయన రిటైరవుతున్నాడు. శాఖ వేసే పుస్తకం మీద ఆ సమయానికి కుర్చీలో ఎవరుంటే వాళ్ళ పేరే వేస్తారు. ఆ కుర్చీలోకి రాబోయే మనిషి ఎలాంటివాడంటే, మంటలార్పే సిలిండరుకి కోటు తగిలించుకుంటాడు. రాసింది తనూ, పేరు అతగాడిదీ అనుకునేసరికి ఆఫీసరు కాఫీ కప్పును పక్కకి నెట్టేశాడు.

సిస్టమ్ మార్చే పని బావమరిది మీద పెట్టాడు. అతను ఒక బ్యాంకులో కంప్యూటర్లు చూసుకుంటాడు. ఫోన్లోనే చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. తను వచ్చేలోపు ఫైళ్ళన్నీ బయటి డిస్కులోకి కాపీ చేసి ఉంచాలి, అన్నీ సరిగ్గా వచ్చాయో లేదో చూసుకోవాలి, అంతే.

ఖాళీ చేయించడం గురించి ఒకడు తనకి పాఠం చెప్పడమా అని ఆఫీసరుకి చిర్రెత్తుకొచ్చింది. సినిమా హాళ్ళూ ఆసుపత్రులూ ఖాళీ చేయించిన మనిషి ఆయన. సొంత ఇంట్లో కూడా నెలనెలా డ్రిల్లు పెట్టి, పెళ్ళాన్నీ అత్తగారినీ మెట్లు దింపించి తలలు లెక్కపెట్టే మనిషి. కంప్యూటరు ముందు కూర్చుని, ఫైళ్ళను వరస తప్పకుండా డిస్కులోకి పంపడం మొదలుపెట్టాడు. వెనక నిలబడి చూస్తున్న భార్యకి అనుమానం వచ్చింది.

“తమ్ముడు కాపీ చేయమన్నాడు కదండీ. మీరు కట్ చేసి పెడుతున్నారేంటి?”

“ఖాళీ చేయించడమంటే ఖాళీ చేయించడమే. ఒకే మనిషి లోపలా ఉండి బయటా ఉంటే లెక్క ఎలా తేలుతుంది?” అన్నాడాయన.

లెక్క బ్రహ్మాండంగా తేలింది. కంప్యూటరులో ఒక్క ఫైలు మిగల్లేదు. బావమరిది వచ్చి చూసి గతుక్కుమన్నాడు. సంపాదకురాలి దగ్గరున్నది గళ్ళే కాబట్టి, చదవడానికి పనికొచ్చే పుస్తకం ఇప్పుడు ఈ డిస్కులో తప్ప లోకంలో ఇంకెక్కడా లేదని, ఆ డిస్కును ఎవరూ ముట్టుకోవద్దని ఒకటికి రెండుసార్లు చెప్పి, దాన్ని బల్ల మీద ఒక మూల పెట్టి, కొత్త సిస్టమ్ ఎక్కించడం మొదలుపెట్టాడు. తెర మీద చిన్న చక్రం తిరగసాగింది. ఇది ఇప్పట్లో తేలే పని కాదని అతను టీ తాగడానికి వీధిలోకి వెళ్ళాడు. ఆఫీసరు గడ్డం గీసుకోవడానికి వెళ్ళాడు. భార్య మేడ మీద బట్టలు ఆరేస్తోంది.

సరిగ్గా అప్పుడే అత్తగారికి మాడు వాసన వచ్చింది.

అల్లుడు చెప్పింది అక్షరాలా పాటించే మనిషి ఆ ఇంట్లో ఆవిడొక్కతే. భార్య డ్రిల్లు రోజున తలనొప్పి అంటుంది. అత్తగారు మాత్రం చెప్పులు వేసుకుని ముందే సిద్ధంగా ఉంటుంది. వాసన వస్తే మెయిన్ కట్టేయాలి. కట్టేసింది. వేడెక్కిన కరెంటు సామాను ఎక్కడుందో చేత్తో తడిమి చూడాలి. చూసింది. అప్పటిదాకా ఫైళ్ళు మింగి మింగి ఉన్న డిస్కు వెచ్చగా తగిలింది. కరెంటు సామాను మీద నీళ్ళు పోయకూడదు, ఇసుకే వాడాలి. డిస్కును తీసుకెళ్ళి, బాల్కనీలో అల్లుడు పెట్టించిన ఇసుక బకెట్టులో లోతుగా పూడ్చిపెట్టింది. తర్వాత “నిప్పు, నిప్పు” అని, కుళాయి హోరులో అల్లుడికి వినపడని రెండు కేకలు వేసి, వెనక్కి తిరిగి చూడకుండా మెట్లు దిగి, వీధి చివర పార్కులోకి వెళ్ళి బెంచీ మీద కూర్చుంది. అందరూ చేరాల్సిన చోటు అదే. అల్లుడు వచ్చి తలలు లెక్కపెట్టేదాకా కదలకూడదన్నది ఆఖరి నియమం. డిస్కు సంగతి ఆవిడకీ ఇసుకకీ తప్ప ఎవరికీ తెలియదు.

సగం గడ్డంతో చీకటి స్నానాలగదిలోంచి బయటికొచ్చిన ఆఫీసరుకి ముందు కనిపించింది నల్లబడిన కంప్యూటరు తెర. కరెంటు ఎవరు కట్టేశారని ఆయన పెట్టిన కేకకి నాలుగంతస్తులూ దద్దరిల్లాయి. మామూలు మనిషి అరిస్తే మొగుడూ పెళ్ళాల గొడవ అనుకుంటారు. ఫైర్ ఆఫీసరు అరిస్తే జనం ఏమనుకుంటారు? పిల్లల్ని చంకనేసుకుని మేడ మొత్తం వీధిలోకి పరుగెత్తింది. ఎవరో ఫోన్ కూడా కొట్టారు. కాసేపటికి ఆయన స్టేషను బండే గంట కొట్టుకుంటూ వచ్చి ఆగింది. అందులోంచి దూకిన కుర్రాళ్ళు, భుజం మీద తువ్వాలుతో, ఒక చెంప మీద నురగతో ఉన్న తమ ఆఫీసరును చూసి, నవ్వు ఆపుకుంటూ సెల్యూట్ చేశారు.

వాళ్ళు మేడంతా గాలించి, కింది అంతస్తు పెద్దమనిషి టోస్టరులో బ్రెడ్డు బొగ్గయిందని తేల్చి, కరెంటు మళ్ళీ వేయించి వెళ్ళిపోయారు. బావమరిది పరుగున వచ్చి కంప్యూటరు పెట్టి చూశాడు. అది కాసేపు తిప్పలు పడి, కొత్త సిస్టమ్ వదిలేసి పాతదానితోనే లేచింది.

“దీనికేం కాలేదు బావా. మళ్ళీ మొదట్నుంచి ఎక్కిద్దాం. డిస్కు ఇలా ఇవ్వండి.”

బల్ల మీద డిస్కు లేదు.

అప్పుడు చూడాలి ఆఫీసరును. అగ్గి మీద గుగ్గిలమయ్యాడు అని ఊరికే అంటాం గానీ, ఆ మాట ఆయన కోసమే పుట్టినట్టుంది. ముందు బావమరిది మీద పడ్డాడు. అతని సంచీ దులిపించాడు. ఆ పైన, సందట్లో ఎవరో ఎత్తుకుపోయారని తేల్చేసి, మేడలో ఒక్కరూ కదలడానికి వీల్లేదని ప్రకటించి, ఫ్లాటు ఫ్లాటూ వెతకడానికి బయల్దేరాడు. ఉద్యోగంలో ఉన్న ఆఫీసరు కాబట్టి ఎవరూ కాదనలేకపోయారు. కాదందామని నోరు తెరిచినవాళ్ళు కూడా ఆ సగం గడ్డం మొహం చూసి తలుపులు తెరిచేశారు.

ప్రతి ఇంట్లోనూ ఆయనకి డిస్కు తప్ప అన్నీ కనిపించాయి. ముందు తగులుకున్నది బ్రెడ్డు పెద్దమనిషే.

“టోస్టరు పెట్టి బాల్కనీలో ఫోన్ పట్టుకుని కబుర్లు చెబుతావా? దాని పక్కన కాసేపు నిలబడే ఓపిక లేనివాడికి వేడి బ్రెడ్డు ఎందుకయ్యా? పచ్చిది తిను. అది తింటే నువ్వొక్కడివే బాధపడతావు. ఇది మాడిస్తే మేడంతా వీధిన పడుతుంది.”

పైన కుట్టు మిషను ఆవిడ గదిలో ఒకే ప్లగ్గుకి మిషనూ, ఇస్త్రీ పెట్టే, ఫ్యానూ, టీవీ వేలాడుతున్నాయి. పాపం ఆ ప్లగ్గుకి నోట్లో నాలుక లేదు కదాని ఇంత సంసారం దాని నెత్తిన రుద్దుతారా అని ఆవిడని కడిగేశాడు. మెట్ల మీద అట్టపెట్టెలు పేర్చిన కాలేజీ లెక్చరరుకి ఇంకా గట్టిగా పడ్డాయి. “మంట లేస్తే నువ్వు వీటి మీంచి దూకి పారిపోతావు. నీ వెనకాల కర్ర పట్టుకుని దిగే ముసలాయన ఏమైపోవాలి? ఆయన్ని కూడా ఈ పెట్టెల్లో సర్దేసి వెళతావా?” అని అడిగితే, క్లాసులో గొంతు దించని లెక్చరరు నోరు మెదపకుండా పెట్టెలు ఎత్తుకున్నాడు.

మూడో గుమ్మం దగ్గర భార్య తమ్ముడి మోచెయ్యి పట్టుకుని ఆపింది. ఆ పుస్తకాన్ని భర్త రాస్తున్నంత కాలం, పేజీ తర్వాత పేజీ ఆవిడకి చదివి వినిపించాడు. ప్లగ్గులు రెండో అధ్యాయం, మెట్లు మూడోది.

“ఒరేయ్, ఈయన తిడుతున్నది పుస్తకమేరా. వరస కూడా తప్పడం లేదు. నీ ఫోను మాట్లాడితే రాస్తుంది కదా, పట్టుకుని వెనకాలే నడు.”

అంతకుముందు పడ్డ తిట్లను ఆవిడే ఫోనుకి అప్పజెప్పాక, అతను నడిచాడు. ఆఫీసరు తిట్టాడు. కిటికీ తెర పక్కన కొవ్వొత్తి పెట్టిన వాళ్ళనీ, గ్యాసు కట్టేయకుండా పడుకునే వాళ్ళనీ, తాళం ఎక్కడ పెట్టారో తెలియని వెనక మెట్ల తలుపునీ, ఆ తలుపు పెట్టినవాణ్ణీ పేరు పేరునా తిట్టాడు. ఆఖరి ఫ్లాటు దాటేసరికి ఆయన గొంతు పూర్తిగా బొంగురుపోయింది, ఫోన్లో పుస్తకం పూర్తయింది.

ఫోన్లో ఉన్నది బావమరిది చదివి వినిపించి, దీన్నే పంపుదామన్నాడు. అంతా విన్నాక ఆఫీసరు మెట్ల మీద కూలబడ్డాడు. తను రాసిన పుస్తకంలో మొదటి వాక్యమే ‘విద్యుదుపకరణములను వినియోగించునపుడు తగు జాగ్రత్తలు వహింపవలెను’ అని. ఎంత మర్యాదగా ఉంది. దాని బదులు ఈ బజారు తిట్లు పంపడమా? కనీసం తిట్లు తీసేయమన్నాడు. తిట్లు తీసేస్తే అందులో ఇంకేం మిగలదని బావమరిది భయం భయంగా చెప్పాడు. ఆఫీసు మూసే వేళ అయిపోతోంది. పంపకపోతే పేరు పోతుంది, పంపితే పరువు పోతుంది. కళ్ళు మూసుకుని పంపించెయ్యమన్నాడు.

ఫోను ఇంకా చేతిలోంచి దించకముందే భార్యకి ఒక సంగతి తట్టింది. తల్లి పక్కింట్లో ఉందని ఆవిడ అనుకుంటోంది, లోపల గదిలో పడుకుందని తమ్ముడు అనుకుంటున్నాడు. పొద్దున్నుంచీ ఫైళ్ళు లెక్కపెట్టిన ఆఫీసరు మనుషుల్ని లెక్కపెట్టలేదు.

ముగ్గురూ పార్కుకి పరుగెత్తారు. అత్తగారు ఎండంతా నెత్తిన పడినా బెంచీ మీద నుంచి కదల్లేదు. అల్లుణ్ణి చూడగానే ఆవిడ లేచిన తీరుకి, ఆయన జీవితంలో మొదటిసారి రెండడుగులు వెనక్కి వేశాడు.

“మంటల్లో నేను కాలిపోయి ఉంటే మీకు ఎప్పుడు తెలిసేది? రేపు భోజనాల దగ్గరా? నెలనెలా నన్ను మెట్లు దింపి లెక్కపెట్టారే, నిజంగా దిగిన రోజున ఆ లెక్క ఏమైంది?”

ఆఫీసరు ఆవిడ కోపం చల్లారే దాకా తల వంచుకుని నిలబడి, చల్లారిందనుకున్నాక డిస్కు గురించి మెల్లగా అడిగాడు. ఇసుకలో పూడ్చానని, కరెంటు సామానుకి ఇసుకే వాడమన్నది మీరేనని ఆవిడ చెప్పింది.

డిస్కులో పుస్తకం అక్షరం చెదరకుండా ఉంది. ఆఫీసరు ప్రాణం లేచొచ్చి, వెంటనే సంపాదకురాలికి ఫోన్ చేశాడు. ఇందాక పంపింది పొరపాటని, దాన్ని తీసేసి అసలు పుస్తకం కోసం ఒక్క రాత్రి ఆగమని బతిమాలాడు. ఆయన బతిమాలడం భార్య ఎప్పుడూ వినలేదు.

“తీసేయడమా? ఆఫీసు మూసే టైమైపోయినా మా వాళ్ళెవరూ ఇళ్ళకి వెళ్ళలేదండీ, అదే చదువుతున్నారు. ఆ ప్లగ్గు పేజీ చదివి మా అకౌంటెంటు లేచి వెళ్ళి తన బల్ల కింద తీగలు పీకేశాడు. ఇన్నేళ్ళలో మేం వేసిన పుస్తకం చదివి లేచి వెళ్ళినవాణ్ణి చూడటం ఇదే మొదటిసారి” అంది సంపాదకురాలు.

“మరి అసలు పుస్తకం?”

ఆవిడ గొంతు తగ్గించింది. “మీరు ఏమనుకోకపోతే ఒక మాట. మొదట పంపిన ఫైలు మా దగ్గర బాగానే తెరుచుకుంది. గళ్ళేమీ లేవు. మొదటి పేజీ దాటలేక, మొహం మీద చెప్పలేక, కంప్యూటరు మార్చుకోమన్నాను. మీరు నిజంగా మారుస్తారనుకోలేదు.”

ఆఫీసరు తర్వాత ఏమన్నాడో ఇక్కడ రాయడం కుదరదు. ఆవిడ మాత్రం అంతా శ్రద్ధగా విని, ఇది కూడా ముందుమాటగా వేసుకోవచ్చా అని అడిగింది.

పుస్తకం ఆయన పేరుతోనే నెలాఖరులోపు అచ్చుకి వెళ్ళింది. కవరు మీద ఆఫీసరు ఫోటో ఉండాలని, మొహంలో మంచి కోపం కనిపించాలని సంపాదకురాలు ఫోటోగ్రాఫరును పంపింది. ఆ రోజు ఆయన ఇంట్లో అడిగిందల్లా పెట్టారు, మేడలో కనిపించిన ప్రతివాడూ చేతులు జోడించి పక్కకి తప్పుకున్నాడు. ఎంత ప్రయత్నించినా ఆఫీసరుకి కోపం రాలేదు. కళ్ళెర్రజేస్తే మత్తుగా కనిపించాడు, పళ్ళు కొరికితే పంటినొప్పి మనిషిలా కనిపించాడు. ఫోటోగ్రాఫరు చెప్పి చెప్పి, విసుగెత్తి, కెమెరా కళ్ళకి ఆనించుకుని, “పోనీలెండి సార్, కొంచెం నవ్వండి” అన్నాడు.

ఫోటో చాలా బాగా వచ్చింది.