మా బాపు పదో తరగతి బ్యాచ్

చదువు మనిషికి వస్తదని లోకం ఇన్ని వందల ఏండ్ల సంది పొరపాటున నమ్ముతున్నది. చదువు మనిషికి కాదు, ఫోన్ నంబరుకు వస్తదనే సత్యాన్ని కనిపెట్టిన ఘనత సూరత్‌ల మా తెలుగు మీడియం బడికే దక్కాలె. అది రెండు వేల ఇరవై, జూన్ నెల. లోకమంతా మూతికి గుడ్డ కట్టుకొని ఉండె కాబట్టి, ఈ సంగతికి రావాల్సినంత పేరు రాలేదు.

నా పేరు విజయశ్రీ. బడి వార్షిక పుస్తకంల "పదో తరగతి జ్ఞాపకాలు" అని రెండు పేజీలు రాయమని మా రాజమౌళి సార్ నన్ను అడిగిండు. నాకు పదో తరగతి జ్ఞాపకాలు లేవని ముద్ర కొట్టి ఇచ్చిన కాగితం నా దగ్గర భద్రంగ ఉంది. అయినా సార్ అడిగినంక కాదంటే బాగుండదని రాస్తున్న. (కాగితం నంబరు కావాల్నంటే అది కూడ రాస్త.)

కథకు రెండు రూళ్లు తెలిస్తె చాలు. మా బాపు లక్ష్మీరాజం ఖటోదరా అనే కాడ ఒక కార్ఖానాల పవర్‌లూమ్ మగ్గాలు నడుపుతడు. పొద్దుగాల ఏడింటికి పోతె రాత్రి ఏడింటికే బయటపడుడు. లాక్‌డౌన్ తీసేసినంక ఆ కార్ఖానా గేటుకు ఒక రూలొచ్చింది: కరోనా లేదని ఫోన్‌ల పచ్చ టిక్కు చూపెట్టనోడు లోపలికి రావద్దు. ఇది మొదటి రూలు. రెండోది మా బడిది: పదకొండు గంటలకు, రాయించిన నంబరు మీదికెల్లి క్లాసుల చేరని విద్యార్థి గైర్హాజరు. రెండూ మంచి రూళ్లే. రెండిట్ల దేనికీ వంక పెట్టేటట్టు లేదు. ఇంట్ల ఫోన్ ఒక్కటే ఉండుడు మాత్రం మా తప్పు.

"రెండు ముక్కలు కోసిస్తర ఏంది, దుకాణంల?" అని అడిగింది నన్ను కన్న మా అవ్వ భూదేవి. పని లేకుంటె పొయ్యి ఆరుతది, చదువు లేకుంటె ఆరదు. గట్ల ఫోన్ కార్ఖానకు పోయింది. ఫోన్‌ల ఉన్న క్లాసు కూడ దానితోనే పోయింది. క్లాసుల ఉండాల్సిన నేను ఇంట్ల మిగిలిన.

బాపు నాలుగో తరగతి దాక సిరిసిల్లల చదివిండు. ఐదో తరగతి మగ్గం కాడ. మొదటి రోజు ఒక చెవుల ఇయర్‌ఫోన్ పెట్టుకొని మగ్గాల నడుమ నిలబడ్డడు. సార్ హాజరు తీస్తున్నడు. "విజయశ్రీ" అనంగనె, మగ్గాల చప్పుడుల మాట్లాడే అలవాటు కొద్ది మా బాపు అరిచిండట:

"హాజర్ సార్!"

అవుతల సార్ చేతుల చాయ్ ఒలికిందట. "ఏమైందమ్మా, గొంతు గిట్లున్నది?" అని అడిగిండు.

"జలుబు సార్."

ఆ కాలంల ఆ మాట వింటె ఎవ్వలైనా దూరం జరిగేది. సార్ కూడ ఫోన్‌ను జర దూరం పెట్టి, "రెస్ట్ తీసుకో తల్లీ" అన్నడు.

పదిహేను రోజులల్ల తేలిందేందంటె, క్లాసుల ఇరవై ఎనిమిది మంది ఉంటె, ఇరవై మూడు మందికి అదే జలుబు. నేత కార్మికుల బడి గదా, అందరి ఇండ్లల్ల ఒక్కటే ఫోను, అందరి ఫోన్లూ పనికాడనే. సార్ మొత్తానికి అర్థం చేసుకున్నడు. కాని హాజరు పట్టీల రెండే ఖానాలున్నయి: వచ్చిండ్రు, రాలేదు. ఎవరు వచ్చిండ్రు అనేదానికి ఖానా లేదు. ఉన్న ఖానాల టిక్కు కొట్టి సార్ పాఠం మొదలుపెట్టిండు. ఇంక ఆయన మాత్రం ఏం చేస్తడు?

ఇంక అప్పటిసంది ఆ క్లాసు, క్లాసు లెక్కనే తయారైంది. పక్క మగ్గాల కాడ పనిచేసే రఘుపతి కాక మా బాపుకు బెంచీ దోస్తు. వాళ్ల కొడుకు పేరు ఉమాకాంత్. సార్ రెండుసార్లు "విజయశ్రీ, ఉమాకాంత్, ముచ్చట్లు బంద్ చెయ్యుండ్రి" అని కొట్లాడిండట. చీరలకు రాళ్లు అతికించే లలితమ్మత్త మొదటి బెంచీ. సార్ అడిగిందే ఆలస్యం, జవాబు చెప్పేది. ఆమెంటె మా బాపుకు పడకపోయేది. "గామెకు అన్నీ తెలుసు, గంతే" అని ఇంటికొచ్చి మూతి ముడుచుకునేటోడు. నలభై మూడేండ్ల మనిషి.

నేను చదువుకున్నది మాత్రం పొద్దుమీకినంకనే. బాపు మెట్లెక్కుతుంటెనె ఎదురుపోయి, "ఏం చెప్పిండే సార్?" అని అడిగేదాన్ని. కాళ్లు కడుక్కోకముందే నిలబడి అప్పజెప్పేటోడు. మొదట్ల మొదట్ల నోటితోనే తెచ్చేటోడు. వర్గ సమీకరణం సూత్రం వచ్చిన నాడు అది నోట్ల పట్టలేదు. చేతుల కాగితం లేదు, మగ్గం మీద తెల్ల గుడ్డ ఉంది, బట్టల తప్పు పడ్డకాడ గుర్తు పెట్టే చాక్‌పీసు జేబుల ఉంది. ఇంక ఆలోచన ఏంది? గుడ్డ అంచు మీదనే రాసిండు. తిండి పూట దాన్ని కాగితం మీదికి ఎక్కించుకుందమనుకున్నడు. ఇంతల తాకా నిండింది, అంటే ఆ బట్ట కట్ట అయిపోయింది, దించిండ్రు, మడత పెట్టిండ్రు, పాండేసర రంగుల మిల్లుకు పంపిండ్రు. మడత కాడ చూసేటోడు దాన్ని "కొత్త రకం తప్పు" అని రాసుకున్నడట. నాకు తెలిసి ఆ సూత్రం ఇప్పుడు ఎవ్వరిదో పెండ్లి చీర మీద, చిలకపచ్చ రంగు కింద ఉండాలె. ఆ పిల్ల సల్లగుండాలె.

అప్పటిసంది నూలు డబ్బాల అట్టలు చింపి, వాటి మీద రాసుడు మొదలుపెట్టిండు. నా మంచం కింద నూట ముప్పై ఏడు అట్టముక్కలు పోగైనయి. నూనె మరకలు, వంకర అక్షరాలు. త్రిభుజాలకు మాత్రం ఒక్క గీత వంకర పోలేదు. నేసేటోనికి గీత గీసుడు ఎవ్వలూ నేర్పాల్సిన పని లేదు. కొన్ని అట్టల మీద చివర్ల "ఇది నాకు సమజ్ కాలె, నువ్వే చూసుకో బిడ్డా" అని ఉండేది. అవి చూస్తె నవ్వాగకపోయేది. ఇప్పుడు చూస్తె వేరే సంగతి.

రెండు వేల ఇరవై ఒకటి మే నెలల పరీక్షలు రద్దయినయి. అందరూ పాస్! గల్లీల ఎగిరినం, దుంకినం, జిలేబీ తిన్నం. నాకు ఒక్కటే కోరిక. గల్లీ చివర డేరా కింద తెల్ల బట్టలేసుకొని రక్తం తీసే అక్కలను ఏడాది సంది చూస్తున్న. ఆ పని నేర్వాలె, దానికి పదకొండుల సైన్స్ కావాలె. దగ్గరి బడిల మాట్లాడి పెట్టుకున్న. జూలై పదో తారీఖు లోపల మా బడి నుంచి పదో తరగతి టీసీ తెస్తె సీటు నాది.

టీసీ అడిగితె కొత్త సర్క్యులర్ చూపెట్టిండ్రు. పరీక్ష రాయని విద్యార్థి నిజంగ చదివిండని రుజువేందనే సందేహం పైన ఎక్కడో ఒక గదిల పుట్టింది. దాన్ని తీర్చుడు కోసం "జ్ఞాపకాల తనిఖీ విభాగం" అని ఒకటి పెట్టిండ్రు. బడికి వచ్చినోనికి జ్ఞాపకాలుంటయి, జ్ఞాపకాలు లేనోడు బడికి రాలేదు. తర్కం చూస్తె ముచ్చటేస్తది. ప్రతి విద్యార్థి పదో తరగతి జ్ఞాపకాలు పది చెప్పాలె, ఏడు నిలబడితె టీసీ. కింది తరగతుల జ్ఞాపకాలు చెల్లవు. సార్ లేని జ్ఞాపకాలు చెల్లవు. ఏడుపొచ్చే జ్ఞాపకాలకు సగం మార్కే. (ఎందుకని అడిగితె, అవి ఎవ్వలైనా తెస్తరట.)

జూలై ఆరో తారీఖు. బడి వరండాల సున్నపు గుండ్రాలు గీసి, ఒక్కో గుండ్రంల ఒక్కొక్కలను నిలబెట్టిండ్రు. తనిఖీ అధికారి దేవదాస్ సాబ్ మూతికి రెండు మాస్కులు, వాటి మీద ప్లాస్టిక్ తొడుగు పెట్టుకొని కూసున్నడు. పక్కన రాజమౌళి సార్. నా వంతు వచ్చింది.

"వానకు క్లాసులకు నీళ్లొస్తె, బెంచీల మీద నిలబడి ఎక్కాలు చెప్పినం సార్."

"ఏ తరగతి?"

"ఎనిమిది."

"చెల్లదు."

"బుగ్గల నిండ శనగపట్టి పెట్టుకొని వందేమాతరం పాడినం..."

"ఏ తరగతి?"

"తొమ్మిది."

"చెల్లదు. పదో తరగతిదేమన్న ఉంటె చెప్పమ్మా, జర జల్ది."

పదో తరగతిది ఏముంది నాకు? "మెట్ల మీద మా బాపు కాళ్ల చప్పుడు సార్" అన్న. సార్ లేడు, చెల్లదు. "నూలు అట్టల మీద నూనె వాసన" అన్న. సార్ లేడు, చెల్లదు. "మా బాపు మా ఇంటి గోడకు గిన్నె ఆనించి స్పర్శరేఖ చూపెట్టిండు" అన్న. సాబ్ చాలసేపు ఆలోచించి, పాఠం ఉంది కాబట్టి సగం మార్కేసిండు. పదికి అర. నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. ఆ జ్ఞాపకానికి కూడ సగమే వస్తది గావచ్చు అనుకున్న.

బాపు గేటు కాడ నిలబడి ఉన్నడు. తన మగ్గాలు రఘుపతి కాకకు అప్పజెప్పి, అరపూట సెలవు పెట్టుకొని వచ్చిండు. ఆగలేకపోయిండు.

"సాబ్, జర నన్ను అడుగుండ్రి. నేను చెప్త."

"మీరెవరు?"

"హాజర్ సార్," అన్నడు బాపు, అలవాటు కొద్ది.

రాజమౌళి సార్ ఉలిక్కిపడ్డడు. ఏడాది సంది విన్న గొంతు గదా! సాబ్ కలం పట్టిండు. బాపు ఆపకుంట చెప్పుకుంట పోయిండు. పైథాగరస్ చెప్పేటప్పుడు సార్ ఇంట్ల కుక్కర్ మూడు కూతలేసింది. అక్బర్ పాఠంల సార్ ఇంటి పిల్లి కీబోర్డు మీద కూసుంటె క్లాసు మొత్తం బయటవడ్డది. లలితమ్మ మైకు బంద్ చెయ్యుడు మరిచి, వాళ్లాయనను తిట్టిన తిట్లకు ఇరవై ఏడు మంది నవ్విండ్రు. మా రఘుపతి క్లాసులనే నిద్రపోయి గురక పెడితె, సార్ దాన్ని మగ్గం అనుకున్నడు. పంద్రాగస్టు నాడు అందరం ఎవ్వలి కార్ఖానల వాళ్లం నిలబడి జనగణమన పాడినం, ఒక్కలది ఒక్కలకు కలవలేదు. గిట్ల తొమ్మిది చెప్పిండు. వరండా అంత నవ్వులే. సాబ్ తొడుగు లోపల ఆవిరి పట్టింది.

"పదోది?"

బాపు గొంతు తగ్గించిండు. "మొన్న ఏప్రిల్‌ల సాబ్. సార్ వాళ్లమ్మ పోయింది. తెల్లారి సార్ క్లాసుకొచ్చిండు. ఫోన్‌ల తన బొమ్మ బంద్ పెట్టి, గొంతుతోనే చెప్పిండు. సైన్ తీటా అనుకుంట మధ్యల ఆగిపోయిండు. నేను మగ్గాలు బంద్ చేసిన. సూరత్‌కొచ్చిన ఇరవై రెండేండ్లల్ల కరెంటు ఉండంగ మగ్గం ఆపింది ఆ ఒక్కనాడే. రఘుపతి కూడ ఆపిండు. సార్ మల్ల మొదలుపెట్టేదాక గట్లనే నిలబడ్డం."

రాజమౌళి సార్ అద్దాలు తీసి, చొక్క అంచుతోని తుడుసుకుంట కూసున్నడు. సాబ్ లెక్కేసిండు. ఏడుపొచ్చేదానికి సగం కోసినా తొమ్మిదిన్నర. జిల్లాల అంత మార్కు ఎవ్వలకూ రాలేదట.

బాపు నా దిక్కు తిరిగి, మొఖమంత నవ్వుతోని, "చూసినవా బిడ్డా, పాసైనం!" అన్నడు.

సాబ్ టీసీ రాసి, ముద్ర గుద్ది, చేతికిచ్చిండు. విద్యార్థి పేరు: లక్ష్మీరాజం. హాజరు: నూటికి తొంభై ఎనిమిది. నడవడిక: చాల మంచిది.

"సాబ్, నేను నా బిడ్డ కోసం చెప్పిన!"

"అది మీ ఇంటి సంగతి. రికార్డు ప్రకారం మీరు మస్తు చదివే పిల్లగాడు," అన్నడు సాబ్, మెచ్చుకుంట.

"మరి నా బిడ్డ?"

సాబ్ నా దిక్కు జాలిగ చూసి, ఇంకో కాగితం రాసిండు. "ఈ బాలికకు పదో తరగతి జ్ఞాపకాలు లేవు. ఈమె బడికి రాలేదని తేలినది. మళ్లీ పదో తరగతిల చేర్చవలెను." దాని మీద కూడ ముద్ర గుద్దిండు. ముద్ర రెండు కాగితాల మీదా ఒకేలెక్క పడ్డది.

మా బాపు మార్కుల సంగతి ఒక్కటే తెలిసి మిగతా తల్లిదండ్రులు కూడ వచ్చిండ్రు, పిల్లలను గట్టెక్కిస్తమని. సాయంత్రం వరకు మా బాపుతోని కలిపి ఇరవై మూడు మంది తల్లిదండ్రులు పాసైండ్రు, వాళ్ల పిల్లలు నా లెక్కనే మిగిలిండ్రు. లలితమ్మత్తకు తొమ్మిది. మా బాపు కంటె అర తక్కువ.

అవ్వ మాత్రం మస్తు నవ్వింది. "ఇన్నేండ్లు నాలుగో తరగతోనితోని కాపురం చేసిన. ఇప్పుడు నా మొగుడు మెట్రిక్!" అని గల్లీల అందరికీ చెప్పింది. బాపు ఆ పూట తినలే. పోయిన సీటు గుర్తొచ్చి నాకు ఒళ్లు మండింది, తలుపు వెనక కూసొని ఏడ్చిన. కాని ఆ తలుపు సందుకెల్లి చూస్తె, బాపు టీసీని దీపం కాడ పట్టుకొని, "నడవడిక: చాల మంచిది" అనే గీత మీద వేలు పెట్టి మల్ల మల్ల చదువుతున్నడు. ఆ మనిషి మీద కోపం ఎట్ల పెట్టుకోవాలె చెప్పుండ్రి? నా వల్ల కాలె.

ఆగస్టుల బడి తెరిచి, పాసైన బ్యాచ్‌కు వీడ్కోలు పెట్టిండ్రు. ఆ రోజు కార్ఖాన బంద్. బాపు ఇస్త్రీ చొక్క ఏసుకొని, తలకు నూనె పెట్టి, పాపిట తీసుకొని వచ్చిండు. సార్ ముందు వరుసల నడుమ కూసున్నడు. రఘుపతి కాక మా బాపు నెత్తి వెనక రెండు వేళ్లు కొమ్ముల లెక్క పెట్టిండు. లలితమ్మత్త రాళ్ల చీర కట్టింది. ఫొటో తీసేటోడు కావాల్నంటె, బాపు జేబుల నుంచి ఫోన్ తీసి నాకిచ్చిండు. గడియారం చూసిన. సరిగ్గ పదకొండు. ఏడాదిల ఆ టైముకు ఆ ఫోన్ నా చేతులకు వచ్చుడు అదే మొదటిసారి.

"నవ్వుండ్రి!" అన్న. అందరూ నవ్విండ్రు. మంచిగనే వచ్చింది ఫొటో.

పటం కట్టించి, హెడ్‌మాస్టర్ గది బయట తగిలించిండ్రు. నేను రెండోసారి పదో తరగతి చదివినన్నాళ్లు రోజూ దాని ముంగటికెల్లే నడిచిన. కింద చిన్న అక్షరాలల్ల, కూసున్నోళ్ల పేర్లు, నిలబడ్డోళ్ల పేర్లు, ఏ ఒక్కలదీ పోకుంట వరుసగ రాసిండ్రు. అన్నిటికన్న కింద, హాజరు పట్టీ ప్రకారం, ఫొటోల పడని పిల్లలకు ఒక్కొక్కలకు ఒక్కో గీత ఉంది. నాది ఇది:

గైర్హాజరు: విజయశ్రీ.