గొడుగుల ఆసుపత్రి అతిథిసాధన విజయము

ఆకాశమను అటకకు చిల్లిపడి యుగములు గడచినను పూడ్పించు నాథుడు లేక ఏడాదికి ముప్పాతిక భాగము వానలో నానుచు, గద్దలు సయితము విసిగి ఓడల తాళ్లపై తల వంచుకొని కూర్చుండునట్టి, ఒక దీవి ఉత్తరపు కొసనున్న కీలుంగ్ రేవుపట్టణమున, చాంద్రమానమున ఏడవ నెల ప్రవేశించి, పరలోకద్వారములు తెరచుకొని, దిక్కులేని ఆత్మలు ఆకలిగొని వీధులవెంట తిరుగు ఆ గడ్డుకాలమున, గుడివెనుక సందులో, చాప పరచిన చోటులేని ఇరుకు అంగడిలో, భగ్నశలాకాసంధానధురంధరుడును, వక్రదండఋజూకరణవిశారదుడును, ఛత్రవైద్యశిఖామణియు నగు లాన్ వెన్‌కుయ్ అను మహావీరుడు స్టూలుపై కూర్చుండి, కంప్యూటరు తెరను చూచి కుయ్యో మొర్రో యని మూలిగెను. తెరపై, వెబ్‌సైటుకు వచ్చిన అతిథుల లెక్క గడిలో, సున్న యుండెను.

ఆ సున్నకు ఒక చరిత్ర కలదు. ఆ వీరుడు పూర్వము ‘గొడుగుల ఆసుపత్రి’ అను పేర ఒక వెబ్‌సైటు కట్టించి, విరిగిన పుల్లను ఎట్లు అతుకవలెనో, తడిసిన గుడ్డను ఎట్లు ఆరబెట్టవలెనో, ఎదురుగాలికి తిరగబడిన గొడుగును తిట్టకుండ ఎట్లు దారికి తేవలెనో, తన జీవితకాలవిద్యనంతయు అందు ధారపోసియుండెను. జనులు సెర్చ్ ఇంజిను అను సార్వభౌముని కొలువుకూటమున నిలిచి ‘నా గొడుగు విరిగినది మహాప్రభో’ యని మొరపెట్టుకొనగా, ఆ ప్రభువు వారిని నేరుగ వెన్‌కుయ్ గుమ్మమునకు పంపెడివాడు. వారు చదివి, ఇది మనవల్ల అగుపని కాదని తెలిసికొని, గొడుగు చంకన బెట్టుకొని అంగడికి వచ్చెడివారు. ఇట్లుండ నొకనాడు సార్వభౌమునికి ఏమి పుట్టెనో, కొలువు నియమములను మార్చెను. మొదటి పుటలో సింహాసనమెక్కి కూర్చున్న గొడుగుల ఆసుపత్రి మూడవ పుటలో పడెను. మూడవ పుటకు ఈగ గూడ పోదు. నమ్మి నానబోసిన పుచ్చి బుర్రలయినట్లయ్యెను.

అప్పుడు వంటగది తెర తొలగించుకొని, సత్యవాక్యనిశితశరసంధాయిని యగు అతని ఇల్లాలు యూషియా వెలువడెను.

“ఏమయ్యా, ఇంకా ఆ సున్ననే చూస్తూ కూర్చున్నావా? చూస్తే పెరగడానికి అదేమన్నా మొక్కా?”

వీరుడు మీట నొక్కి లెక్కను మరల తెప్పించెను, మరల సున్నయే వచ్చెను.

“మా అన్నయ్య చేప ఉండల కార్ఖానాలో మనిషి కావాలంటున్నాడు. ఇదిగో చెబుతున్నా విను. ఈ నెలాఖరుకి ఆ లోకం తలుపులు మూస్తారు కదా, ఆలోగా ఆ సెర్చ్ ఇంజిన్ దయ లేకుండా, వేరే దారిలో, ఒక్కడంటే ఒక్కడు నీ సైటుకి వచ్చాడా, సరే. నేను నోరెత్తను. రాలేదా, సైటు మూసెయ్, అంగడికి తాళం వెయ్, పోయి ఉండలు చుట్టు.”

వెన్‌కుయ్‌కి భయము వేసెను. చేపల కంపునకు కాదు, ఆ కంపు రేవున పుట్టినవానికి లెక్కలోనిది కాదు. ప్రతి కొత్త సంవత్సరపు విందులోను ఆ బావగారు సూపు గిన్నె మీదుగ తొంగిచూచి, “గొడుగులు బాగుచేసేవాళ్లు దేశంలో ఇంకా ఉన్నారా?” అని నవ్వెడివాడు. ఆ నవ్వు క్రింద దినదినమును ఉండలు చుట్టుచు బ్రతుకుట కంటె చావు మేలని అతనికి తోచెను. అంతట స్టూలు దిగి, విరిగిన గొడుగుకామను ఖడ్గమువలె ఎత్తి, ఇట్లు గర్జించెను:

“ఓసి ధర్మపత్నీ! ఏకద్వారమును నమ్మిన కోట ఏనాటికైన కూలక తప్పునా? ఆ సార్వభౌముడు ఎరుగని మార్గములు ఈ పట్టణమున ఎన్ని లేవు! పెద్దల ఫోను గ్రూపుల మార్గము! చెత్తబండి మార్గము! నోటిమాట మార్గము! ఆ మార్గములన్నింట అతిథిసేనలను నడిపింపనేని, నేను లాన్ వంశమున పుట్టనే లేదు!”

“పుట్టకపోతే పోన్లే కానీ, సాయంత్రం చెత్తసంచి మాత్రం మర్చిపోకు” అని యూషియా లోనికి పోయెను.

ప్రథమదండయాత్ర పొరుగింటిపై జరిగెను. అచట అగరువత్తులమ్ము అపిన్ పెద్దమ్మ యుండెను. ఆమె ప్రతి ఉదయమును, కోడి నిద్ర లేవకమునుపే, తామరపువ్వు బొమ్మపై ‘శుభోదయము, ఆరోగ్యమే మహాభాగ్యము’ అని వ్రాసి, దీవి నలుమూలల నున్న ముసలివారి ఫోనులన్నింటికిని పంపు వ్రతము కలది. ఆ వ్రతము తప్పిన దినమున ఆమె పోయినదేమో యని బంధువులు కబురంపెడివారు.

“పెద్దమ్మా, నీ తామరపువ్వు కింద మా సైటు చిరునామా ఒక్కటి పెడతావా?”

“పెడతాలేరా, నా సొమ్మేం పోయింది. పువ్వు ఏ రంగుది కావాలి?”

“ఏదైనా సరే.”

“ఏదైనా ఏంట్రా! నిన్న తెల్లది పంపితే మా వదిన ఎవరు పోయారని అడిగింది. గులాబీది పెడతా.”

మరునాటి ఉదయమున గులాబీతామర బయలుదేరెను. అహో, దాని దిగ్విజయమును ఏమని వర్ణింతును! తైపే దాటెను, కొండలు దాటెను, దక్షిణసముద్రము చేరెను. టీకప్పులు, పిల్లికూనలు, జోడించిన చేతులు బదులుగ వర్షించెను. మధ్యాహ్నమునకు అది దీవియంతయు చుట్టి, కావుశ్యుంగ్‌లోని మేనమామ చేత వెన్‌కుయ్ ఫోనుకే తిరిగివచ్చెను. అందరును పువ్వును పంపిరి, చిరునామాను నొక్కినవాడు ఒక్కడును లేడు.

“ఎవరు నొక్కుతార్రా?” అని పెద్దమ్మ తెల్లబోయెను. “తెలీని లింకు నొక్కితే బ్యాంకులో డబ్బు ఎగిరిపోద్దని పోలీసాయన గుడికొచ్చి మరీ చెప్పాడు కదా. నేనే నొక్కలేదు.”

“నువ్వు కూడా నొక్కలేదా!”

“నీ సైటని నాకు తెలుసు. కానీ ఆ లింకుకి తెలుసా?”

ఈ తర్కమునకు సమాధానము ఏ శాస్త్రమునను లేదు. వీరుడు వెనుదిరిగెను, కాని వెన్ను చూపలేదు. జనులు నొక్కుటకు జంకుదురేని నొక్కనక్కరలేని ఆయుధమును పట్టవలె నని యోచించి, తన అంగడిలోకెల్ల పెద్దదియగు పసుపుపచ్చని గొడుగుపై, ఫోను చూపినంతనే సైటు తెరచుకొను నలుపు గడుల ముద్రను ఎనిమిది పక్కలను అచ్చొత్తించెను.

సంధ్యాసమయ మయ్యెను. దూరమున పియానో పాట పాడుచు, పసుపుదీపము త్రిప్పుచు, సకలదుర్గంధసంహారక మగు చెత్తబండి వీధిమలుపున అవతరించెను. ఆ పాట విన్నంతనే మేడలన్నియు జనములను క్రుమ్మరించెను. అత్తలు, కోడళ్లు, పంతుళ్లు, దంతవైద్యులు, చెప్పులతో, తువాళ్లు చుట్టిన తలలతో, చేత చెత్తసంచులతో బారులుతీరిరి. రాజు పిలిచినను ఇందరు కూడరు. వెన్‌కుయ్ ఉల్లము పొంగెను. ఒక చేత చెత్తసంచి, ఒక చేత గొడుగు ధరించి, ఫట్టున గొడుగు విప్పి, కంఠమెత్తి పిలిచెను:

“ఓ బాటసారులారా! ఎవరైనా సరే, ఎక్కడివారైనా సరే, రండు! మా ద్వారము రేయింబవళ్లు తెరచియే యుండును! ఆకలిదప్పులతో తిరుగుచున్నవారు సయితము లోనికి దయచేయుడు!”

వీధి గడ్డకట్టెను. పియానో పాట ఒక్కటియే మ్రోగుచుండెను. అపిన్ పెద్దమ్మ చేతిలోని సంచి జారిపడి చేపముళ్లు నేలపాలయ్యెను.

“ఒరేయ్ వెధవా! ఏడో నెల్లో, చీకటి పడేవేళ, ఊరూ పేరూ లేకుండా అలా పిలుస్తావా? ఎవరొస్తారో తెలుసా నీకు?”

“కస్టమర్లు…”

“నా మొహం! మంచి అన్నదమ్ములొస్తారు! అదీ ఆకలితో ఉన్నవాళ్లు రండని మరీ పిలిచాడు చూడు!”

ప్రేతములను పేరెత్తి పిలువరాదు గనుక ఆ ఊరివారు వారిని ‘మంచి అన్నదమ్ములు’ అందురు. ఆ మాట చెవినబడినంతనే సేన చెదరెను. సంచులు విసరినవారు విసరిరి, విసరనివారు సంచులతోనే మేడలెక్కిరి. దంతవైద్యుడు చెప్పు వదలి పరుగెత్తెను. బండి తోలువాడు గూడ ఎర్రదీపమునకైనను ఆగక సాగిపోయెను. నడివీధిలో వీరుడును, వీరుని చెత్తసంచియు మిగిలిరి.

“ఒక్క సంచి వేసి రమ్మంటే ఊరి దయ్యాలన్నిటినీ భోజనానికి పిలిచొచ్చావ్” అని తిట్టి, యూషియా ఆనాటినుండి అతనితో మూడు మాటలకు మించి పలుకలేదు. ఆ అంగడి ముందునుండి నడుచుట గూడ జనులు మానిరి. నెల కడపటి దినమున ఆమె గుమ్మము ముందు బల్లవేసి, బిస్కత్తులు, నూడుల్సు పొట్లములు, పండ్లు పేర్చి, అన్నదమ్ములు మొగము కడుగుకొనుటకు చెంబునీళ్లు, తువాలు పెట్టి, అగరువత్తి వెలిగించి, “తిని, మీ దారిన మీరు వెళ్లండి నాయనా, ఆయనకి బుద్ధి తక్కువ” అని మ్రొక్కెను. అగరువత్తి కొండెక్కిన పిదప లోనికివచ్చి అన్నగారికి ఫోను చేయుటకై కుర్చీ లాగుకొనెను. వెన్‌కుయ్ స్టూలు ముందుకు జరుపుకొనెను. సైటు మూయు మీట వెదకుచు తెరవైపు వంగెను.

తెరపై ఒకటి యుండెను.

“యూషియా.”

“ఏంటి?”

“ఎవరో వచ్చారు.”

ఆమె పరుగున వచ్చెను. ఏ దారిన వచ్చిరో తెలుపు గడిలో సెర్చ్ ఇంజిను పేరు లేదు. ‘నేరుగా’ అని యుండెను.

“నువ్వే చూసుకుని ఉంటావ్.”

“మన ఫోన్లూ ఈ కంప్యూటరూ లెక్కలోకి రాకుండా మొదట్లోనే తీసేశా. ఇదిగో చూడు, తడిసిన గొడుగు ఆరబెట్టడం గురించి మొత్తం చదివారు. ఇప్పుడే వెళ్లారు.”

“ఇప్పుడే అంటే?”

“అగరువత్తి వెలిగించాక వచ్చారు. అది కొండెక్కగానే వెళ్లిపోయారు.”

గుమ్మమున నిలిచి ఆలించుచున్న అపిన్ పెద్దమ్మ చేతులు జోడించెను. యూషియా మొగము పాలిపోయెను, అయినను పందెము పందెమే.

“అట్లాంటివాళ్లొస్తే ఒప్పుకోను. వాళ్లు లెక్కలోకి…”

పెద్దమ్మ ఒక్క అంగలో వచ్చి ఆమె నోరు మూసెను.

“ఊరుకో అమ్మాయ్! తలుపులింకా మూయలేదు! పిలవగానే మర్యాదగా వచ్చి, చదువుకుని, ఏ అల్లరీ చెయ్యకుండా వెళ్లిన అన్నదమ్ముణ్ణి పట్టుకుని లెక్కలోకి రాడంటావా? ఈ నెల్లోనా? వెనక్కొచ్చి అడిగితే ఏం చెబుతావ్?”

యూషియా గుమ్మము బయటి బల్లను చూచెను, తువాలును చూచెను. తువాలు తడిసియుండెను. కీలుంగ్‌లో ఏది తడవదు? అయినను ఆమె ఫోను తీసి అన్నగారికి చేసెను.

“అన్నయ్యా, ఆయన రాడు… ఆ, వచ్చారు, ఒకరు… ఎవరా? ఈ నెల్లో ఆ మాట అడక్కు.”

వీరుడు గర్జింపలేదు. మామూలుగ ఇట్లనెను: “వెతుక్కుంటూ రాలేదే. పిలిస్తే వచ్చారు.”

జయము! జయము! సార్వభౌముని ప్రాపు గోరక, గులాబీతామర వమ్మయినను, చెత్తబండి విడిచిపోయినను చలింపక, ఇహమునకే గాక పరమునకును మార్గము తెరచి, సున్నను ఒకటి చేసిన ఛత్రవైద్యశిఖామణికి జయము! ఈ గాథను చదివినవారి గొడుగులు ఎదురుగాలికి తిరగబడకుండుగాక, విన్నవారి గొడుగులు బస్సులలో మరువబడకుండుగాక! వెన్‌కుయ్ మాత్రము, ఆ ఒకటి తెరమీది మచ్చయేమో యని చొక్కా అంచుతో తుడిచి చూచెను. అది పోలేదు.