మాస్టారి కారూ రసమట్టమూ

శనివారం పొద్దున షెడ్డు తలుపు తీసేటప్పుడు మెకానిక్ మనసులో ఒక్కటే పని ఉంది. లెక్కల మాస్టారి పాత కారుకు పొట్టి స్ప్రింగులు బిగించి, మధ్యాహ్నానికల్లా తాళాలు ఆయన చేతిలో పెట్టేయాలి. ఆ కారు నేలకు బాగా ఎత్తుగా ఉంటుంది. మాస్టారి భార్యకు మోకాళ్లు అరిగిపోయి, ఎక్కాలంటే ముందు చెక్కపీట వేయాలి, తర్వాత మాస్టారి భుజం పట్టుకోవాలి, ఆ తర్వాత ఇద్దరూ కాసేపు ఆయాసపడాలి. రెండేళ్లుగా ఆవిడ గడప దాటడమే మానేసింది. బండి అమ్మేయమంటే మాస్టారు వినరు. రెండంగుళాలు దించితే పీట అక్కర్లేదని మెకానికే చెప్పి, ఎక్కడెక్కడో అడిగి మూడు నెలలకు ఆ స్ప్రింగులు తెప్పించాడు. ఆదివారం ఆవిడ కూతురింటికి వెళ్లాలి.

అంత శ్రద్ధ ఎందుకంటే, దానికి వేరే కారణం ఉంది. మెకానిక్ ఎనిమిదో తరగతిలో ఉండగా ఇదే మాస్టారు బోర్డు మీద ఒక లెక్క ఇచ్చారు. కుర్రాడు నోటితోనే జవాబు చెప్పేశాడు. "ఆన్సరు వచ్చింది, స్టెప్పులేవిరా? ఎవణ్ణి చూసి చెప్పావు?" అని ఆయన బయట నిలబెట్టారు. వాడు మూడు రోజులు బయటే నిలబడ్డాడు. నాలుగో రోజు నిలబడేదేదో షెడ్డులో నిలబడితే రెంచీ అయినా చేతికొస్తుందని బడి మానేశాడు. తర్వాత ఊళ్లో సగం బండ్లు అతని చేతి మీదే నడిచాయి గానీ, ఆ మనిషి నోటి నుంచి 'కరెక్టే' అన్న ఒక్క మాట వినాలని మాత్రం లోపల ఉండిపోయింది. యాభై దాటినా ఉంది. చదువుకున్నవాళ్లు అన్నది మర్చిపోతారు. అనిపించుకున్నవాళ్లకు ఆ వీలు ఉండదు.

పదకొండింటికి స్ప్రింగులు బిగించడం అయిపోయింది. మెకానిక్ అలవాటు ప్రకారం చక్రానికీ పైనున్న రేకుకీ మధ్య వేళ్లు పెట్టి చూశాడు. డ్రైవరు వైపు నాలుగు వేళ్లు, పక్క సీటు వైపు నాలుగు వేళ్లు. సరిపోయింది. అంతలో మాస్టారు సంచీలోంచి రసమట్టం తీశారు, లోపలి బుడగ ఎత్తున్న వైపుకి జరిగి వాలు చెప్పే పరికరం. ఇల్లు కట్టినప్పుడు తాపీమేస్త్రీ మీద నమ్మకం లేక కొన్నది. దాన్ని ముందు బంపరు మీద పెట్టి, కళ్లజోడు సర్దుకుని వంగారు. బుడగ మధ్యలో ఆగకుండా పక్క సీటు వైపుకి జరిగిపోయింది.

"డ్రైవరు వైపు కిందికుంది," అన్నారు మాస్టారు. పిల్లలకు సున్నా వేసేటప్పుడు వాడే గొంతు అది.

మెకానిక్ తన వేళ్ల వంక చూసుకున్నాడు. తర్వాత బుడగ వంక చూశాడు. వేళ్లు నలభై ఏళ్లుగా అబద్ధమాడలేదు, కానీ వాటికి బడి చదువు లేదు. జాకీ అందుకున్నాడు.

ముందు ఆ పక్క స్ప్రింగులు ఈ పక్కకు, ఈ పక్కవి ఆ పక్కకు మార్చాడు. లోపం స్ప్రింగులోనే ఉంటే వాలు కూడా పక్క మారాలి. మారలేదు. మాస్టారు కాసేపు ఆలోచించి, అయితే లోపం స్ప్రింగులో లేదు, బండి చట్రమే వంగింది, ఎవరో ఎక్కడో గుద్దారు అని తేల్చారు. ఆ కారును ఆయన జీవితంలో ఒక్కరికే ఇచ్చారు. ఆరేళ్ల కిందట రెండు రోజులపాటు అల్లుడికి. బయటికి వెళ్లి ఫోను చేశారు. రేకు గోడ అవతల నుంచి మాటలు తెలియలేదు గానీ గొంతులు పెరగడం తెలిసింది. తిరిగొచ్చి, "ఒప్పుకోవడం లేదు," అన్నారు. పైగా దొంగను చూడ్డానికైతే రేపు రావక్కర్లేదన్నాడట అల్లుడు.

మాట ఫోను దాటి వెళ్లిపోయాక ఇక వాలు ఉండి తీరాల్సిందే. ఎత్తు పెంచడానికి డ్రైవరు వైపు స్ప్రింగు మీద రబ్బరు వలయం వేశారు. బుడగ సగం దూరం వచ్చి ఆగింది. రెండో వలయానికి చోటు లేదు. ఇక మిగిలింది పక్క సీటు వైపు స్ప్రింగు ఒక చుట్టు కోయడం. కోస్తే మళ్లీ అతకదని మెకానిక్ చెప్పాడు. మాస్టారు రసమట్టం చూపించారు. రంపం అరగంట ఏడ్చింది. సాయంత్రానికి బుడగ సరిగ్గా రెండు గీతల నడుమ నిలిచింది. మెకానిక్ మాస్టారు చూడకుండా మళ్లీ వేళ్లు పెట్టాడు. డ్రైవరు వైపు అయిదు, అటు మూడు. చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు.

ఆదివారం పొద్దున మాస్టారు భార్యను ఆటోలో తీసుకొచ్చారు, పీటతో సహా. మెకానిక్ కారును వెనక్కి తీసి చదునైన రోడ్డు మీద నిలిపాడు. పక్కింటివాళ్ల గుట్టు వినేవాళ్లలా ఆ బండి పక్క సీటు వైపుకి ఒరిగి నిలబడింది. మాస్టారు బంపరు మీద రసమట్టం పెట్టారు. బుడగ ఈసారి డ్రైవరు వైపుకి పారిపోయింది. బండిని మళ్లీ షెడ్డులో పెట్టించారు. బుడగ మధ్యకు వచ్చింది. మళ్లీ బయటికి తీయించారు. మళ్లీ పోయింది.

మెకానిక్ భార్య టీ గ్లాసులు కడిగి ఆ నీళ్లు షెడ్డు నేల మీద పారబోసింది. నీళ్లు ఏమాత్రం తడబడకుండా, నిన్న కారు డ్రైవరు వైపు చక్రాలు నిలిచిన చోటు మీదుగా కాలువలోకి పోయాయి. మిగతా ముగ్గురూ వాటినే చూశారు.

"ఏంటలా చూస్తారు? బండ్లు కడిగిన నీళ్లు నిలవకూడదని వాలు పెట్టించింది మీరే కదా," అంది మెకానిక్ భార్య మొగుడితో.

మాస్టారు నెమ్మదిగా అడిగారు.

"నిన్న మొదట్లో నీ వేళ్లు ఏం చెప్పాయిరా?"

"సమానం అన్నాయి మాస్టారూ."

"మరి చెప్పలేదేం?"

"మీ చేతిలో రసమట్టం ఉంది కదండీ."

మాస్టారు నేల వంక చూశారు. ఆయన ముఖం వాడిపోవడం చూడాలని మెకానిక్ నలభై ఏళ్లుగా అనుకున్నాడు. తీరా చూశాక అందులో అనుకున్నంత ఏమీ లేదు. ఒక ముసలాయన, చేతిలో ఒక బుడగ. కొత్త స్ప్రింగు తెప్పిస్తాను, ఇంకో మూడు నెలలు పడుతుంది, తప్పు నాది కూడా అని చెప్పబోయాడు.

అప్పుడు కారు తలుపు పడిన చప్పుడైంది. ఇద్దరూ తిరిగి చూశారు. మాస్టారి భార్య పక్క సీట్లో కూర్చుని చీర సర్దుకుంటోంది. పీట ఆటో దింపిన చోటే ఉంది. భుజం పట్టుకున్నవాళ్లు ఎవరూ లేరు.

"ఇంకేం ముట్టుకోకండి దీన్ని," అంది ఆవిడ అద్దంలోంచి. "నేనెక్కే వైపే దిగింది. బాబూ, నీ చెయ్యి మంచిది. ఏవండీ, మీరు రండి. దారిలో అల్లుడికి ఏం చెప్పుకుంటారో ఆలోచించుకోండి."

మాస్టారు రసమట్టాన్ని సంచీలో పెట్టుకున్నారు. డ్రైవరు సీట్లోకి కాస్త కష్టపడి ఎక్కారు, అటు ఎత్తు పెరిగింది మరి. అద్దం దించి మెకానిక్ వంక చూసి, గొంతు సవరించుకుని, "కరెక్టే," అన్నారు. ఒరిగిన కారు మలుపు తిరిగి వెళ్లిపోయింది. పీట షెడ్డు ముందే ఉండిపోయింది.

ఆన్సరు వచ్చింది, ఈసారి స్టెప్పులు ఎవరూ అడగలేదు.